ఇలస పులస అయ్యే చోటు

సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు ఇలస. గోదారికి ఎర్రనీరు దిగి, ఆ నీరు సముద్రంలో కలిసే వేళకి ఆ చేపకి ఏదో పూనకం వస్తుంది. గుడ్లు పెట్టుకోవడానికి ఉప్పునీళ్ళు వదిలేసి, ప్రవాహానికి ఎదురీది ఏట్లోకి ఎక్కుతుంది. ఎక్కీ ఎక్కగానే జనం దాన్ని పులస అంటారు. చేప అదే, ముల్లు అదే, పొలుసు అదే. పుట్టింట్లో బుజ్జమ్మగా తిరిగిన పిల్ల అత్తారింటికి వెళ్ళి సూర్యకాంతం గారైనట్టు, పేరు మారి విలువ పెరుగుతుంది. ఎర్రనీళ్ళలో ఈదేకొద్దీ ఒంట్లో ఉప్పు విరిగి, కొవ్వు పట్టి, రుచి తిరుగుతుందంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది అందుకే. అలా అందరూ తినీ తినీ, అసలు చేపే కరువైపోయాక ప్రభుత్వం కళ్ళు నులుముకుని లేచి ఒక ఉత్తర్వు వేసింది. "పులస అను వలస చేపను రక్షిత జీవిగా ప్రకటించడమైనది. ఏటిలో దానిని పట్టుట, చంపుట, హింసించుట మరియు భయపెట్టుట నిషేధము."

భయపెట్టుట అన్న ముక్క చేర్చిన మహానుభావుడెవరో గానీ, ఆయన కడుపు చల్లగుండాలి.

ఆ ఉత్తర్వు కింద మొట్టమొదట దొరికిపోయినవాడు పాతమొగ ఊరి బంగారయ్య. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ వల వేసి ఒక్కటంటే ఒక్క చేప పట్టుకుని ఒడ్డుకి వచ్చేసరికి, రేవులో జీపు ఆగి ఉంది. పులస సంరక్షణ ప్రత్యేకాధికారి చామర్తి విశ్వపతిరావు గారు దిగారు. ఆయన మొన్నటిదాకా పట్టుపురుగుల శాఖలో ఉన్నారు. పురుగు నుంచి చేపకి రావడం ఆయన దృష్టిలో పదోన్నతే. బంగారయ్య చేపని అక్కడే పడేసి, పెద్దల్ని పిలుచుకొస్తానంటూ ఊళ్ళోకి పరిగెత్తాడు. ఒడ్డున అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ ఒక్కతే మిగిలింది.

"అమ్మా, పడవను జప్తు చేయుచున్నాము. నీ భర్త పేరు?" అన్నారు అధికారి గారు.

అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనేనండి."

"ఆయనంటే?"

"మా ఆయనండి బాబు."

"పేరు లేనిదే జప్తు చెల్లదమ్మా."

మొగుడి పేరు పైకి పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని నమ్మే మనిషి ఆవిడ. పెళ్ళైన నాటినుంచీ ఆ పేరు నోటివెంట రాలేదు. పోనీ కదా అని చెవి దుద్దు పట్టుకుని చూపించింది. "ఇదుగోనండి, ఇది దేంతో సేత్తారండి? అదీ, ఆపైన అయ్యాని." ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకైనా తెలిసిపోతుంది. అధికారి గారు దుద్దు వంక తేరిపార చూసి, "దుద్దయ్య" అని రాయించారు. పెద్దల్ని వెంటబెట్టుకుని బంగారయ్య తిరిగొచ్చేసరికి దుద్దయ్య పడవ ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడే ఎర్రనీరు దిగింది. ఆ నీరు తేటపడేలోగా పట్టుకున్నదే ఏడాది గ్రాసం. తేటపడిందా, మళ్ళీ వచ్చే ఏటి మాటే. వలలు చూరుకి వేలాడుతున్నాయి, పడవ ఆఫీసు ఆవరణలో ఎండలో బోర్లా పడి ఉంది. బంగారయ్యకి ముద్ద దిగడం లేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి దాని మీద తడిగోనె కప్పి, పలకలు విచ్చుకోకుండా నీళ్ళు చల్లి వచ్చేవాడు. ఒకరోజు దాన్ని పట్టుకుని గొల్లుమంటే జవాను వచ్చి, పక్కనే కాలవుంది, అందులోకి పులస వస్తే భయపడుతుంది, నిబంధన ప్రకారం నెమ్మదిగా ఏడవమన్నాడు.

ఇలా కాదని బంగారయ్య ధైర్యం చేసి అధికారి గారి గదిలోకే వెళ్ళాడు. అప్పటికే అక్కడ నందగోపాల్ గారు కాఫీ తాగుతున్నారు. మొగకి అవతల సముద్రం ఒడ్డున వెలిసిన సముద్రజ్యోతి విద్యుత్ కేంద్రంలో ఆయన పర్యావరణ మేనేజరు. ఆ కేంద్రం తన యంత్రాలు చల్లబరుచుకోవడానికి సముద్రం నీళ్ళు గుటగుటా తాగుతుంది. నీళ్ళతోపాటు వచ్చిన చేపలు లోపలి జల్లెడకి కొట్టుకుని చస్తాయి. వాటిని తట్టలకొద్దీ ఎత్తి వెనకాల దిబ్బ మీద పోస్తారు. తాగిన నీళ్ళని వేడివేడిగా తెచ్చి మొగలో ఏటివైపున వదులుతారు. దిబ్బ కంపు భరించలేక ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే, దాని సంగతి మాట్లాడటానికే నందగోపాల్ గారు వచ్చారు.

"మాది పర్యావరణానికి ప్రాణమిచ్చే సంస్థండి," అంటున్నారాయన. ప్రాణమిచ్చేది చేపలన్న సంగతి ఆయన ప్రస్తావించలేదు.

"కాదనడం లేదు. అయితే వేడినీళ్ళు రక్షిత జీవిని భయపెట్టుట కిందికి వస్తాయి. నీళ్ళు చల్లార్చే చెరువు తవ్వుతామని మీరు ఒప్పుకున్నారు. అది అటుంచి, జల్లెడ దగ్గర చస్తున్నవి పులసలైతే మాత్రం కేంద్రం మూయించక తప్పదు," అన్నారు విశ్వపతిరావు గారు. అనడమైతే అన్నారు గానీ, ఆ మాటకి ఆయనకే చెమటలు పట్టాయి. ఒక జీపు, ఒక జవాను ఉన్న మనిషి విద్యుత్ కేంద్రాన్ని ఎలా మూయిస్తారు పాపం!

సరిగ్గా అప్పుడు బంగారయ్య గుమ్మంలోంచి రెండు చేతులూ జోడించాడు.

"బాబయ్యా, నాదో మనవండి. నేనట్టింది పులస కాదండి, ఇలసండి. మొగలో ఉందండి, ఇంకా ఏట్లోకి ఎక్కనే లేదండి. నా పడవ నాకిచ్చేయండి బాబూ."

అధికారి గారు కాఫీ కప్పు కింద పెట్టారు. "ఇలస ఏమిటి?"

"సముద్రంలో ఉంటే ఇలసండి. ఏరెక్కితే పులసండి."

"అనగా రెండు చేపలా?"

"ఆయ్, సేప ఒకటేనండి. పేర్లు రెండండి."

అధికారి గారు రెండు వేళ్ళెత్తి, ఒకటి ముడిచి, మళ్ళీ ఎత్తారు. నందగోపాల్ గారి మొహం మాత్రం వెన్న తిన్న పిల్లి మొహంలా విప్పారింది. "అయితే సార్, మా జల్లెడ ఉన్నది సముద్రంలో కదా. అక్కడ చస్తున్నవన్నీ ఇలసలే! ఉత్తర్వులో ఇలస ఉందా?"

విశ్వపతిరావు గారు ఉత్తర్వు తీసి, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివారు. ఇలస లేదు. ఆయన గుండెల మీంచి బరువు దిగిపోయింది. "సదరు మరణాలు ఈ కార్యాలయ పరిధిలోకి రావు," అని అక్కడికక్కడే తేల్చేశారు.

"మరి నా పడవండి?"

"నీ విషయం వేరు దుద్దయ్యా. నీవు పట్టినప్పుడు అది ఇలసగా ఉన్నదా, పులసగా మారినదా అన్నది సాంకేతిక ప్రశ్న. ఇలస ఏ చోట పులస అగునో కమిటీ తేల్చాలి."

"నా పేరు బంగారయ్యండి."

"అది కూడా కమిటీ చూస్తుంది."

బయటికొచ్చి బంగారయ్య నెత్తి కొట్టుకున్నాడు. తన పడవ కోసం ఎత్తిన మాట విద్యుత్ కేంద్రాన్ని ఒడ్డెక్కించింది, తనని మాత్రం నీళ్ళలోనే ఉంచింది.

కమిటీ దిగింది. లైఫు జాకెట్లు తొడుక్కుని, మొగలో లాంచీ మీద తిరిగి, నీళ్ళు సీసాల్లో పట్టి, నాలిక మీద వేసుకుని చూసి, ఇక్కడ ఉప్పగా ఉంది, ఇక్కడ కొంచెం ఉప్పగా ఉంది, ఇక్కడ ఉప్పున్నట్టూ ఉంది లేనట్టూ ఉంది అని తర్జనభర్జన పడింది. మధ్యలో పోటు వచ్చి ఉప్పు ఏటివైపు నడిచింది. పాటు వచ్చి మళ్ళీ సముద్రంవైపు వెళ్ళింది. నీళ్ళకి క్రమశిక్షణ లేదని సభ్యులు అభిప్రాయపడ్డారు. చివరికి నందగోపాల్ గారు పంపిన భోజనాలయ్యాక అందరికీ బుద్ధి వికసించింది. విద్యుత్ కేంద్రం నీళ్ళు పీల్చే చోటుకి ఇటుగా, బంగారయ్య వల వేసిన చోటుకి అటుగా ఒక సిమెంటు స్తంభం పాతారు. స్తంభానికి అటు ఇలస, ఇటు పులస.

"సరిగ్గా అక్కడే మారుతుందా అండి?" అని బంగారయ్య నోరు తెరిచాడు.

"మారకపోతే అది నిబంధన ఉల్లంఘించినట్లు. చేప మీద కూడా చర్య ఉంటుంది," అన్నారు విశ్వపతిరావు గారు.

అలా బంగారయ్య నేరం రుజువైంది. పడవ మీద ఎర్ర రంగుతో అంకె వేశారు.

స్తంభం పక్కనే తేలే స్వాగత ద్వారం కట్టారు. వలస జీవులు కదా, కొత్త చోట తికమకపడతాయని అధికారి గారి బెంగ. "పులసలకు స్వాగతం" అని మూడు భాషల్లో రాయించి, సముద్రం నుంచి వచ్చేవాటికి కనబడాలని బోర్డు అటు తిప్పించారు. లోపలికొచ్చే చేపల్ని లెక్కించడానికి ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ మనిషి ఎంత చూసినా ఒక్క చేపా రాలేదు. ఎలా వస్తుంది? సగం చేప జల్లెడ దగ్గరే చచ్చె. తప్పించుకున్న సగం ద్వారం దాకా వచ్చి, వేడినీళ్ళు ముట్టెకి తగిలేసరికి తిరుగుముఖం పట్టె. చల్లార్చే చెరువు తవ్వకం మాత్రం నత్తనడక నడుస్తోంది. అయినా అంతో ఇంతో గొయ్యి పడింది. అది పూర్తయితే వచ్చే ఏడాదైనా చేప ఎక్కుతుందని పాతమొగ జనమంతా రోజూ వెళ్ళి ఆ గొయ్యి వంక ఆశగా చూసొచ్చేవారు. ఏం చేస్తాం, వాళ్ళకి మిగిలిన దేవుడు ఆ గొయ్యే.

విశ్వపతిరావు గారు మాత్రం పొంగిపోతూ పైకి నివేదిక పంపారు. "ఈ ఋతువులో పులస మరణాలు శూన్యము. హింస శూన్యము. భయపడిన పులసలు శూన్యము." చేపలే శూన్యమన్న మాట ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పైవాళ్ళు మురిసిపోయి విద్యుత్ కేంద్రానికి 'పులస మిత్ర' బిరుదు ప్రకటించారు. బిరుదివ్వడానికి రాజధాని నుంచి కమిషనర్ గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

కబురు వెనకాలే ఇంకో కబురొచ్చింది. కమిషనర్ గారు పులస ఎన్నడూ తినలేదట. ఇంత దూరం వచ్చి తినకుండా పోతే ఏం బాగుంటుంది?

విశ్వపతిరావు గారు బంగారయ్యని పిలిపించి తలుపు వేయించారు. "దుద్దయ్యా, పులస కావలెను."

బంగారయ్య చెవులు మూసుకున్నాడు. "అమ్మో, నిషేధమండి."

"ఇది అధికారికము కాదు. కోరిక. మీ ఆవిడ చేతి పులుసు గురించి విన్నాము. పులుసు బాగుంటే పడవ సంగతి చూస్తాము. బాగులేదా, వేలము."

బంగారయ్య ఇంటికొచ్చి చతికిలబడ్డాడు. "పులస ఎక్కడ తెచ్చేదే? పట్టడానికి పడవ లేదు. పడవున్నా ఏట్లో సేప లేదు."

"పుస్తెలమ్మైనా తినాలంటారు. అమ్మడానికి నా పుస్తెలున్నాయి, కొనడానికి పులసేదీ?" అంది అచ్చియ్యమ్మ. కాసేపు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించి, తట్ట తీసుకుని లేచింది. "దిబ్బ మీదికెళ్ళొత్తాను."

"జల్లెడలో సచ్చిన ఇలసా? ఓసి నీ దుంపతెగ, ఇలసకి పులస రుసి ఎక్కణ్ణుంచొత్తాదే?"

"ఎప్పుడూ తిననోడికి ఏది పెడితే అదే పులస. నోరు మూసుకుని సింతపండు నానబెట్టు."

దిబ్బ దగ్గర కాపుకాసి, అప్పుడే పోసినవాటిలో మెరుగ్గా ఉన్నవి ఏరి తెచ్చింది. పుల్లల పొయ్యి మీద మట్టి దాక పెట్టి, చింతపండు పులుసు పోసి, లేత బెండకాయలు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, సన్నసెగ మీద మరిగించింది. దించే ముందు ఇంత వెన్న, ఇంత ఆవకాయ ఊట తగిలించింది. పులస పులుసు వండిన మర్నాడు తినాలి. మర్నాడే సభ.

విద్యుత్ కేంద్రం పచ్చికలో షామియానా. దండలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి, నందగోపాల్ గారి మెడలో 'పులస మిత్ర' పతకం పడింది. భోజనాల దగ్గర కమిషనర్ గారి కంచంలో అచ్చియ్యమ్మ తన చేత్తో ముక్క వేసి పులుసు పోసింది. బంగారయ్య షామియానా కర్రని కౌగిలించుకుని చూస్తున్నాడు. వాడి పడవ ఆ క్షణంలో ఆ కంచంలోనే తేలుతోంది.

కమిషనర్ గారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. "ఆహా! పులస అంటే ఇదీ!"

విశ్వపతిరావు గారు చప్పట్లు కొట్టబోయి చేతులు గాల్లో ఆపేశారు. పులస అనేశారే! పులసైతే నేరం. పులస సంరక్షణ సభలో, ముఖ్య అతిథి కంచంలో! కాదండి ఇది ఇలస అందామంటే, ఇంత పెద్దమనిషికి ఇలస పెట్టి పులసని నమ్మించినట్టు. ఏమనడానికీ లేదు, ముందు నుయ్యి వెనక గొయ్యి.

కమిషనర్ గారు వేళ్ళు నాకుతూ అటూ ఇటూ చూశారు. "ఎవరయ్యా ఇది పట్టినవాడు? పిలవండి."

బంగారయ్యని ముందుకి తోశారు.

"ఎక్కడ పట్టావోయ్ ఇంత మంచి పులసని?"

ఏట్లో పట్టానంటే రెండో నేరం, పడవ గోవిందా. జల్లెడ దగ్గర ఏరుకొచ్చామంటే, విద్యుత్ కేంద్రం పులసల్ని చంపుతోందని కమిషనర్ నోటితోనే రుజువైనట్టు. నందగోపాల్ గారు అవతలినించి గుడ్లురుముతున్నారు. పైగా చచ్చిన చేప పెట్టావా అని వీపు చీరేస్తారు. అచ్చియ్యమ్మ వంక చూశాడు. ఆవిడ గరిటె పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. పడవొక్కటే కళ్ళలో మెదిలింది.

"అయ్యా," అన్నాడు, "తవరి కంచంలోకి వచ్చేదాకా అది వొట్టి ఇలసేనండి. తవరు నోటితో పులసన్నారు కాబట్టి పులసైపోయిందండి. అంతా తవరి నోటి చలవండి బాబు."

కమిషనర్ గారు పకపకా నవ్వారు. ఆయన నవ్వగానే అందరూ నవ్వారు. నవ్వనివాడు విశ్వపతిరావు గారొక్కరే. ఆయన మొహంలో జ్ఞానోదయమవుతోంది. లేచి నిలబడి కండువా సర్దుకున్నారు.

"సభకు మనవి. ఈ సామాన్యుడు అనాలోచితంగా ఒక మహత్తర సత్యం వెల్లడించినాడు. ఇలస పులస అగు చోటు ఏటిలో ఉన్నదని కమిటీ పొరబడినది. అది కంచంలో ఉన్నది! అర్హత గల అధికారి రుచి చూసి గుర్తించినప్పుడే అది పులస అగును. కనుక ఇచ్చట ఎవరూ పులసను పట్టలేదు, ఎవరూ చంపలేదు."

"అద్భుతం! అలాగే ఉత్తర్వు సవరించండి," అని కమిషనర్ గారు రెండో ముక్క వేయించుకున్నారు.

సవరణ వారం తిరక్కుండా వచ్చేసింది. ప్రభుత్వంలో అంత చురుగ్గా కదిలిన కాగితం ఆ జిల్లా ఎరగదు. "ఇందుమూలంగా స్పష్టపరచడమేమనగా, పులస అనునది జలచరము కాదు, వంటకము. వంటకమునకు సంరక్షణ అవసరము లేదు, మూత చాలును."

దానితో బంగారయ్య పట్టినది ఇలసే అని తేలి, దుద్దయ్య మీద కేసు కొట్టేశారు. పడవ పట్టుకెళ్ళమన్నారు. తీసుకోవడానికి దుద్దయ్యే రావాలన్నారు. బంగారయ్య నోరెత్తకుండా దుద్దయ్యనని వేలిముద్ర వేశాడు. ఆ మొగ దగ్గర చేపకే కాదు, మనిషికీ ఒడ్డెక్కేసరికి పేరు మారిపోతుంది.

నలుగురు సాయం పట్టి పడవని ట్రాక్టరు మీదికి ఎత్తారు. అచ్చియ్యమ్మ ఎదురొచ్చి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. బంగారయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ట్రాక్టరు విద్యుత్ కేంద్రం గోడ పక్కగా వస్తుంటే అటు చూశాడు. చల్లార్చే చెరువు కోసం తవ్విన గోతిలో లారీలు వరసగా మట్టి పోస్తున్నాయి.

"ఏటండీ, పూడ్చేత్తన్నారు?" అని అడిగాడు.

"పులస ఏట్లో లేదని మీవాడెవడో తేల్చాడంట కదా. ఇంకెవరికోసం చల్లార్చాలి? ఇక్కడ రెండో యంత్రం కడుతున్నారు," అన్నాడు లారీ డ్రైవరు.

బంగారయ్య పడవ అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "నా నోరు పడిపోను," అన్నాడు. మొదటిసారి నోరు తెరిచి వాళ్ళ జల్లెడని కాపాడాడు. రెండోసారి తెరిచి ఊరి గొయ్యిని పూడ్పించాడు. తన పడవ తనకి వచ్చింది, నిజమే. దాన్ని ఏ నీళ్ళలో వెయ్యాలి?

అయినా వేశాడు. ఎర్రనీరు ఇంకా పూర్తిగా తేటపడలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి వల వేసి, చెయ్యి నీళ్ళలో పెట్టి చూసేవాడు. స్నానానికి తోడిపెట్టినట్టు గోరువెచ్చగా తగిలేది. స్వాగత ద్వారం మాత్రం కళకళలాడుతూ సముద్రంవైపు తిరిగి ఊగేది.

ఇప్పుడు పాతమొగలో ఎవరూ పులస అనరు. ఇలస అనీ అనరు. ఏ పేరు పలికితే ఏ జీపు వస్తుందోనని భయం. అచ్చియ్యమ్మ అయితే మొగుడి పేరు ఎలా పలకదో, చేప పేరూ అలాగే పలకడం మానేసింది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్న మాట ఆవిడ కళ్ళారా చూసింది మరి. పొద్దెక్కి పడవ రేవుకి తగలగానే తట్ట పట్టుకుని ఒడ్డున నిలబడి అడుగుతుంది.

"అదొచ్చిందా అయ్యా?"

బంగారయ్య వల దులుపుతాడు.

"రాలేదే."